పిల్లల నమూనాలకు ఏ జిగురు?

శెనక్కాయ పెరికి, కట్టె వామి వేసి, ఇంటివారు కాస్త ఊపిరి తీసుకునేసరికి డిసెంబరు వచ్చేస్తుంది. సండేస్కూలు పిల్లలు క్రిస్మస్ పశువుల పాక కట్టడానికి పూనుకుంటారు. బడిలో సైన్సు ప్రదర్శన ఉన్నవారు గాలిమర చేస్తారు. ముదిగుబ్బ స్టేషను చూస్తూ పెరిగిన పిల్లవాడు ధర్మవరం–పాకాల లైనులో ఒకప్పుడు నడిచిన మీటరు గేజి రైలును చేస్తానంటాడు. అందరూ అంగడికి పోయి అడిగేది ఒకటే మాట: "అన్నా, బాగా గట్టి జిగురు ఏదుంది?"

చదువరులారా, జిగురు గట్టిదనము తరువాతి సంగతి. చేతిలో ఉన్న ప్లాస్టిక్కు ఏ జాతిదో మొదట తెలుసుకోవాలి.

ఈ విద్య మన రైతులకు ఎప్పుడో తెలుసు. బోరు దగ్గరనుండి చేనిలోకి వేసే పి.వి.సి. పైపును సొల్యూషన్ పూసి అతికిస్తారు. అదే చేనిలో చెట్ల వరుసల వెంట పరచిన నల్లని డ్రిప్పు పైపుకు ఎవరూ సొల్యూషన్ పూయరు. తెగినచోట జాయినరు దూర్చి బిగిస్తారు, అంతే. నల్ల పైపు పాలిథిన్. దాని ఒంటికి మైనము వంటి గుణమున్నది, మామూలు జిగురేదీ దానిని పట్టుకోలేదు. పి.వి.సి. పైపును సొల్యూషన్ పైపైన అంటిపెట్టుకోవడము గాక, రెండు ముఖాలనూ కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. తడి ఆరిపోయాక అది ఒకే ముక్క.

బొమ్మలలోనూ ఈ రెండు జాతులే ఉన్నాయి. పరీక్ష సులువు. కనబడని మూలనుండి చాకుతో చిన్న తునక తీసి గిన్నెడు నీళ్లలో వేయండి. బుడగలు అంటుకొని ఉంటే పోయేటట్లు వేలితో ఒకసారి ముంచి వదలండి. తేలితే అది పాలిథినో, దాని దాయాది పాలిప్రొపిలీనో. బక్కెట్లు, సీసా మూతలు, గోళ్లతో నొక్కితే సొట్టపడే మెత్తని గొర్రెబొమ్మలు సాధారణముగా ఈ వంశమువే. వీటికి జిగురు కొనడము డబ్బు దండుగ. గోనెసంచులు కుట్టే దబ్బనముతో రంధ్రము చేసి సన్నతీగతో కట్టండి, లేదా చిన్న మరమేకు బిగించండి. మునిగితే మాత్రము ఆశ ఉన్నది. పైపుముక్క, సీడీ పెట్టె, పెళుసుగా పటుక్కున విరిగే బొమ్మ సాధారణముగా మునుగుతాయి.

కువైటునుండో బెంగళూరునుండో బంధువులు తెచ్చే విమానాల, ఓడల కిట్లు ఎక్కువగా పాలిస్టైరీనుతో చేసినవి. వాటికోసము అమ్మే ప్లాస్టిక్ సిమెంటు మన సొల్యూషన్ వలెనే కరిగించి కలుపుతుంది. ముక్కలను ముందుగా జతచేసి చూసుకొని, కుంచె కొనతో కీలు వెంట కొద్దిగా తాకించితే చాలు, తానే లోపలికి పాకుతుంది. అతికే చోట రంగు ఉంటే ముందు గీకివేయాలి, లేకుంటే రంగు రంగుకే అంటుకుంటుంది. పైపుల సొల్యూషన్ ఇంత సన్నని పనికి మరీ మొరటు. ముక్క రూపమే చెడిపోతుంది.

థర్మోకోలు కూడా పాలిస్టైరీనే, అయితే గాలితో ఉబ్బించినది. సొల్యూషన్ గానీ థిన్నరు గానీ తగిలిందా, కళ్ల ముందే గుంటపడి కుంగిపోతుంది. నాలుగు రాత్రులు కూర్చొని కోసిన పాక గోడ అలా పోతే పిల్లల మొహాలు చూడలేము. థర్మోకోలుకు, అట్టకు, చెక్కకు ఫెవికాల్ వంటి తెల్లజిగురే మేలు. అందులోని నీరు ఆరిపోతేనే అది గట్టిపడుతుంది గనుక, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లా గాలికి త్వరగానే ఆరుతుంది. నున్నని ప్లాస్టిక్కు నీటిని పీల్చదు గనుక దానిమీద ఆ జిగురు పొరలా ఊడివస్తుంది.

ఇక ఫెవిక్విక్. ఈ రకము జిగురుకు మూలమైన పదార్థము 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు హ్యారీ కూవర్ చేతికి వచ్చింది. తుపాకీ గురిచూపుకు పారదర్శకమైన ప్లాస్టిక్కు వెదుకుతుంటే, ఇది ప్రతిదానికీ అంటుకుంటున్నదని పక్కన పెట్టేశారు. 1958లో జిగురుగా అంగడికెక్కింది. ఇది గట్టిపడడానికి గాలిలోని తేమ కావాలి. మన ఎండాకాలపు పొడిగాలిలో ఆలస్యమయ్యేది అందుకే. ఆలస్యమైందని మరింత పోస్తారు చాలామంది. మందమైన కొద్దీ ఇంకా ఆలస్యము. ఒక్క చుక్క చాలు. అతికే ముఖాన్ని తడిగుడ్డతో తుడిచి, తడి కనబడకుండా ఆరనిచ్చి, అప్పుడు అతికించండి.

తల్లిదండ్రులకు మా గట్టి మాట: ఈ జిగురును చిన్నపిల్లల చేతికి ఇవ్వవద్దు. కారితే దూదితోగానీ నూలుగుడ్డతోగానీ అద్దకండి. నూలు తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి చర్మము కాల్చగలదు, పొగ కూడా వస్తుంది. వేళ్లు అంటుకుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే రెప్పలను బలవంతముగా తెరవవద్దు, థిన్నరు వంటివి దగ్గరికి రానీయవద్దు. గోరువెచ్చని నీళ్లతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఆ పూట కూలి పోయినా సరే.

సొల్యూషన్, థిన్నరు డబ్బాల వాసన తలకెక్కుతుంది, ఆవిరి మంటనందుకుంటుంది. పొయ్యి ఉన్న వంటింట్లో గాక వసారాలో విప్పండి. వాటిని పీల్చడము కొందరు కుర్రవాళ్లకు అలవాటై ప్రాణము మీదికి తెస్తున్నది గనుక, పని కాగానే మూత బిగించి డబ్బాను పెద్దవారి పెట్టెలో పెట్టండి.

విరిగిన వస్తువు గురించి మాకు వ్రాసేవారు తునక మునిగినదో తేలినదో ఆ ఉత్తరములోనే వ్రాయగోరుతున్నాము.