సంపాదకుని మాట: విస్తులా గట్టున ధాన్యపు గోడ

పోలండ్ ఉత్తర భాగంలో, బాల్టిక్ సముద్రం వైపు సాగే విస్తులా నదికి కుడివైపున, ఎత్తైన గట్టు మీద వెలసిన గ్రుజోంట్స్ పట్టణం ఈ సంచికలోని ప్రధాన వ్యాసానికి విషయం. ట్యూటానిక్ నైట్లు, అనగా సన్యాస దీక్షతోపాటు కత్తి కూడా పట్టిన జర్మన్ క్రైస్తవ యోధులు, 1291లో దీనికి పట్టణ హోదా కల్పించారు. 1466లో పోలండ్ రాజుల ఏలుబడిలోకి వచ్చిన ఈ ఊరు 1772లో ప్రష్యా వశమై, 1920లో తిరిగి పోలండ్‌కు దక్కింది.

ఏలికల మార్పులకన్నా నింపాదిగా చూడదగినవి నది అంచున బారులు తీరిన ఇటుక గిడ్డంగులు. ఏటవాలు గట్టు మీద కట్టినందువల్ల ఇవి వీధి వైపు నుంచి మామూలు ఇళ్లలా పొట్టిగానూ, నది వైపు నుంచి చిన్న చిన్న కిటికీలతో పలు అంతస్తుల కోటగోడలానూ కనిపిస్తాయి. నిజానికి శత్రువును అడ్డుకొనే పని కూడా ఒకప్పుడు వీటిదే. లోపల నిల్వచేసిన ధాన్యం కొయ్య తొట్ల గుండా దిగువనున్న పడవల్లోకి జారి, అక్కడి నుంచి గ్దాన్స్క్ రేవుకు చేరేది.

1522లో ఇక్కడ సమావేశమైన ప్రష్యా ప్రతినిధుల సభ ముందు కోపర్నికస్ నాణేల సంస్కరణపై తన ప్రతిపాదనను వినిపించాడు. ఆయనను ఖగోళవేత్తగా మాత్రమే ఎరిగిన పాఠకులకు ఇది వింతగా తోచవచ్చును గాని, వెండి పాలు తగ్గిన నాణెం వర్తకాన్ని ఎలా దెబ్బతీస్తుందో ధాన్యపు బేరగాళ్ల ఊరికి వేరే చెప్పనక్కరలేదు.

1945 నాటి ముట్టడిలో పట్టణం చాలావరకు ధ్వంసం కాగా, దెబ్బతిన్న గిడ్డంగులను తరువాత బాగుచేశారు. వాటిలో కొన్నింటిలో నేడు పట్టణ మ్యూజియం నడుస్తున్నది.