ఫోటో తిప్పితే క్వాలిటీ ఎందుకు పోవాలి?

50 మెగాపిక్సెల్, ఏఐ జూమ్ అంటూ కెమెరా రివ్యూల్లో పేజీలు నింపుతాం. గ్యాలరీలో రొటేట్ బటన్ నొక్కి సేవ్ చేస్తే ఫైల్‌కి ఏమవుతుందో మాత్రం ఎవరూ చూడరు. నా లెక్కలో అది కూడా కెమెరా రివ్యూలో భాగమే. ఆర్మూర్ లాంటి ఊళ్లో అయితే మరీనూ.

పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కి వచ్చింది గానీ, చాలా బేరాలు ఇంకా ఫోన్ ఫోటోతోనే మొదలవుతున్నాయి. కళ్లంలో ఎండబెట్టిన కొమ్ముల్ని, విరిచి చూపించే లోపలి రంగుని పైనుంచి ఫోన్ నేలకేసి పట్టి తీస్తారు. చిక్కంతా అక్కడే. ఫోన్ నిలువుగా ఉందో అడ్డంగా ఉందో యాక్సిలరోమీటర్ గురుత్వాకర్షణ దిశని బట్టి తేలుస్తుంది. కెమెరా సరిగ్గా కిందికి చూస్తుంటే ఏ అంచు పైనో దానికి తెలీదు. ఏదో ఒక ఓరియంటేషన్ ఎగ్జిఫ్‌లో రాసేస్తుంది. అప్పుడు మనం తిప్పుతాం, సేవ్ చేస్తాం, అవతలివాళ్లు మళ్లీ తిప్పుతారు.

ఒక్కసారి తిప్పితే కంటికి తేడా కనపడదు, నిజమే. వాట్సాప్ చేసే నష్టం దీనికంటే ఎక్కువ. అందుకే డాక్యుమెంట్‌గా పంపమంటాను. కానీ అసలు పోగొట్టుకోనక్కర్లేని క్వాలిటీని కొంచెమైనా ఎందుకు పోగొట్టుకోవాలి?

జేపెగ్ ఫోటోని 8×8 పిక్సెల్స్ బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుని కొన్ని నంబర్లుగా మార్చి, ఆ నంబర్లని రౌండ్ చేస్తుంది. క్వాలిటీ పోయేది ఈ రౌండింగ్‌లోనే. 90 డిగ్రీలు తిప్పాలంటే ఫోటోని విప్పి మళ్లీ రౌండ్ చేయనక్కర్లేదు. బ్లాకుల స్థానాలు మార్చి, లోపలి నంబర్లని అడ్డం నిలువు చేసి, కొన్నింటి గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కి మారిస్తే చాలు. జేపెగ్‌ట్రాన్ అనే చిన్న కమాండ్ 1998లో వచ్చిన లిబ్‌జేపెగ్ 6బి నుంచే ఈ పని చేస్తోంది. లినక్స్‌లో దొరుకుతుంది, ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే అందులోనూ నడుస్తుంది.

ఇందులో రొటేట్ 90తో పాటు రెండు ఆప్షన్లు తప్పకుండా ఇవ్వండి. మొదటిది కాపీ ఆల్. ఇది లేకపోతే ఎగ్జిఫ్ మొత్తం పోతుంది, అంటే ఫోటో తీసిన తేదీ, లొకేషన్ కూడా. సరుకు ఎప్పటిదో చూపించాల్సినవాడికి అది చిన్న విషయం కాదు. రెండోది పర్ఫెక్ట్. ఫోన్లలో మామూలుగా వాడే 4:2:0 కలర్ పద్ధతిలో లెక్క 16×16 బ్లాకులది. 4032×3024 ఫోటో అయితే రెండు వైపులా సరిగ్గా భాగమవుతుంది. 4000×3000లో మాత్రం 3000ని 16తో భాగిస్తే 8 పిక్సెల్స్ మిగులుతాయి. కుడికి తిప్పమంటే పర్ఫెక్ట్ ఆప్షన్ కుదరదని ఆగిపోతుంది. తమాషా ఏంటంటే, అదే ఫోటో ఎడమకి (రొటేట్ 270) ఏ గొడవా లేకుండా తిరుగుతుంది. కుడికే కావాలంటే పర్ఫెక్ట్ బదులు ట్రిమ్ ఇచ్చి ఆ 8 పిక్సెల్స్ వదులుకోవాలి. నేనైతే వదులుకుంటా.

తిప్పాక ఎగ్జిఫ్‌టూల్‌తో ఓరియంటేషన్‌ని 1కి మార్చాలి. లేదంటే పాత ట్యాగ్ చూసి యాప్ ఇంకోసారి తిప్పేస్తుంది. అసలు పిక్సెల్స్ జోలికే పోకుండా ట్యాగ్ ఒక్కటే మార్చినా చాలు కదా అంటారా? మన దగ్గర దాచుకునే ఫోటోలకి అదే బెస్ట్. క్రోమ్ కూడా 2020లో వచ్చిన 81 వెర్షన్ నుంచి వెబ్ పేజీల్లో ఈ ట్యాగ్‌ని డీఫాల్ట్‌గా పాటిస్తోంది. ఇంకొకరికి పంపేవాటికి మాత్రం జేపెగ్‌ట్రానే నయం, అవతల ఏ పాత సాఫ్ట్‌వేర్ ఉందో మనకేం తెలుసు.

రైతుని టెర్మక్స్ నేర్చుకోమనడం అన్యాయం. ఈ పని గ్యాలరీ యాప్ చేయాలి, చేయలేని కష్టమేమీ లేదు. మీ ఫోన్ చేస్తుందో లేదో చూడాలంటే ఒక ఫోటోని కాపీ చేసి, నాలుగుసార్లు కుడికి తిప్పి, ప్రతిసారీ సేవ్ చేయండి. ఇమేజ్‌మ్యాజిక్ కంపేర్ కమాండ్‌లో ఏఈ మెట్రిక్ పెట్టి ఒరిజినల్‌తో పోల్చండి. సున్నా వస్తే మీ గ్యాలరీ పాస్. రాకపోతే ఫోన్ మోడల్ పేరుతో కామెంట్లో రాయండి.