మందునకు ముందు మన్ను చూడుఁడు

మొలక యెండినంతనే సభ్యులు మందునకై సంఘమునకుఁ బరుగెత్తుట మాకు సమ్మతము గాదు. వెల్లకిలఁ బడవేసినచో టిక్కుమని యెగురు పెంకుపురుగును పిల్లలు సైత మెఱుఁగుదురు. దాని పిల్లపురుగు గట్టి పసుపుతీగవలె నుండి మంటిలో జొన్నవిత్తును, వేరుసెనగకాయను దొలుచును. తెల్లగా, మెత్తగా వంగియుండు వేరుపురుగు వేఱు. లోకమున నీ టిక్కుపురుగులలో సుమారు 10,000 జాతులు గలవు. వానిలోఁ గొన్నింటి పిల్లలు ఇతర పురుగులనే భక్షించును. కావలివానిని గూడఁ జంపుటకు సొమ్మేల?

విత్తుటకు వారము ముందు నానిన జొన్నలను గుప్పెడేసి నాలుగంగుళముల లోతునఁ బలుచోట్లఁ బాతి, విత్తునాఁటికి ద్రవ్వి చూడుఁడు. పురుగులున్నచో సీసాలో వేసి తెండు. 1972లో నెలకొని మెట్టపంటలను బరిశోధించుచున్న ఇక్రిశాట్ మన పటాన్‌చెరులోనే యుండఁగా అంగడివాని మాటపైఁ గొనుటయా? పురుగు కనఁబడని చేనికి సంఘము మందునకై యప్పీయరాదని మా యభిప్రాయము.