వెంటాడని వాత్సల్యము

న్యూజిలాండు దర్శకుడు తైకా వైటీటి 2016లో వెలువరించిన ‘హంట్ ఫర్ ది వైల్డర్‌పీపుల్’ చిత్రమును హాస్యచిత్రమనియు, అడవులలో సాగిన సాహసగాథ యనియు చెప్పి ఊరకుండుట చాలదని నా తలంపు. బ్యారీ క్రంప్ 1986లో ప్రకటించిన నవల నాధారముగా గొని అల్లిన యీ కథ, తలిదండ్రుల నీడ లేని బాలుని సమాజ మెట్లు చేరదీయవలెనను ప్రశ్నకు సూటియైన సమాధానము చెప్పుచున్నది.

శిశుసంక్షేమాధికారిణి పౌలా, రిక్కీ బేకరను బాలుని అడవి యంచున నున్న యింటికి తెచ్చి, దొంగతనము, రాళ్లు రువ్వుట, పారిపోవుట మొదలగు వాని దుశ్చేష్టల నన్నింటిని ఏకరువు పెట్టును. గృహిణి బెల్లా వాటి నేమియు మనసున పెట్టుకొనక, చలిరాత్రి వాని పక్కలో వేడినీళ్ల సంచి నుంచును. ఆ రాత్రియే పారిపోవ నుద్యమించిన బాలుడు ఇంటికి కూతవేటు దూరములోనే నిద్రపోగా, తెల్లవారిన పిదప బెల్లా వచ్చి, పోదలచినచో పోవచ్చును గాని ముందు ఇంత తిని పొమ్మనును. మందలింపు లేదు, బ్రతిమాలుట లేదు. వెడలుటకు స్వేచ్ఛయు, నిలుచుటకు చోటును ఆ యొక్క మాటలో ఇమిడియున్నవి. బెల్లా పాత్రధారిణి రిమా టె వియాటా ఆ మాట నెంత సహజముగా పలికినదో, అంత సహజముగా పిల్లవాడు ఆ యింటివాడై పోవును.

బెల్లా అకస్మాత్తుగా మరణించుటతో, బాలుని మరల తీసికొనిపోదుమని ప్రభుత్వము ఉత్తరము వ్రాయును. అడవిలోనికి పారిపోయిన బాలుని వెదకుచు పోయిన బెల్లా భర్త హెక్, కాలికి దెబ్బ తగిలి అక్కడనే చిక్కుకొనగా, ముసలివాడు పిల్లవాని నపహరించెనని లోకము తలంచును. ఏ బిడ్డను విడువబోమను నినాదముతో పౌలా సాగించిన వేట తుదకు సైనిక వాహనముల వరకు పోవును. ఆమె సందేహము నిరాధారమని నే ననను. హెక్ పూర్వము కారాగారవాసము చేసినవాడు, అట్టివాని చేత బిడ్డను పెట్టుటకు ముందు విచారించుట ప్రభుత్వధర్మమే. కాని యా విచారణ యంతయు బాలుని గూర్చి సాగినదే గాని బాలునితో సాగలేదు.

తలిదండ్రులు లేని బిడ్డను జూచి ప్రేక్షకుడు జాలిపడుట సులభము. వైటీటి యా జాలికి చోటీయక, రిక్కీగా నటించిన జూలియన్ డెనిసన్ తెంపరితనమును హెక్‌గా నటించిన సామ్ నీల్ చిరాకుతో ఢీకొట్టించి, వారి కయ్యములచేతనే నవ్వించుటవలన, ప్రేక్షకుడు రిక్కీని సాటి మనిషిగా నెరుగును. మనసులోని బాధ చెప్పుకొనుటకు హైకూలు వ్రాయు బాలుని సాంగత్యమున, అక్షరజ్ఞానము లేని హెక్ తుదకు చదువు నేర్చి, తానే యొక హైకూ వినిపించును. వేట ముగిసిన పిదప వేరొక కుటుంబమున స్థిరపడిన రిక్కీ, హెక్ కడకు తానే పోయి క్షమాపణ కోరి, మాతో నుండుటకు రమ్మని పిలుచును. నాకీ ఘట్టములు చిత్రమంతటిలోను మిన్న.

మన దేశమున 2015 నాటి బాలల న్యాయ చట్టము రిక్కీ వంటి బిడ్డలను వేరొక కుటుంబమున నుంచి పెంచు ఏర్పాటును గుర్తించినది. 2016 నాటి మార్గదర్శకములు దంపతులకే యా యవకాశ మీయగా, 2024లో సవరించినవి ఒంటరివారికిని ద్వారము తెరచినవి. హెక్ వంటి విధురులను దలచినపుడు ఈ మార్పు మిక్కిలి హర్షణీయము. బాలల సంక్షేమ సమితులు పెంచగోరువారి ఆదాయమును, ఆరోగ్యమును విచారించునంత శ్రద్ధతో బిడ్డ యభీష్టమును గూడ విచారింపవలెను. బిడ్డ యా యింట కొన్ని నెలలు గడపిన పిమ్మట, పెద్దలు దగ్గర లేనపుడు, మరల నడుగవలెను.