జిల్లేడుపై సీతాకోకచిలుక

అర్కమనిన సూర్యుడు, అర్కమనిన జిల్లేడు. రథసప్తమినాడు అరసవల్లి సూర్యనారాయణస్వామిని తలచి, జిల్లేడాకులు తలపై నుంచుకొని స్నానమాడుదుము. తెల్లవారిన పిమ్మట అదే మొక్క ఇంటికి కీడని పెరికించుదుము. ఆ మొక్కనే నమ్ముకొని బ్రతుకు ప్రాణి యొకటి కలదు.

శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల బాటలవెంట నారింజవన్నె రెక్కలు, నల్లని అంచులు, ముందురెక్కల కొనలయందు తెల్లమచ్చలు గల సీతాకోకచిలుకను మీరెల్లరు చూచియుందురు. ఆంగ్లమున దీనిని ప్లెయిన్ టైగర్ అందురు. 1758లో స్వీడను శాస్త్రజ్ఞుడు లినేయసు దీనికి శాస్త్రనామ మిడెను. ఈజిప్టున నెబామున్ సమాధిగోడపై సుమారు 3,300 ఏండ్లక్రిందటనే దీనిని చిత్రించిరి. ఆ చిత్రము నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నది.

నాటి చిత్రకారునికి చిక్కినది నేడు మన సెల్‌ఫోనునకును చిక్కును. ఏలయన, దీని పురుగు జిల్లేడాకు తిని అందలి విషమును మేన నిలుపుకొనును. పక్షులు దీని జోలికి రావు గనుక ఇది తొందరలేక మెల్లగా నెగురును.

ప్రొద్దుటి యెండలో రెక్కలు విప్పి వెచ్చబడు సమయమున ఫొటో తీయవలయును. మన నీడ దానిపై బడిన తక్షణమే లేచిపోవును. కావున ప్రక్కగా నిలిచి, మెల్లమెల్లగా సమీపింపవలయును. మొదట దూరమునుండి ఒకటి తీసి, పిమ్మట దగ్గరకు జరుగుట మేలు. ఫోనును విప్పిన రెక్కలకు ఎదురుగా నిలుకడగా పట్టిన చుక్కలన్నియు స్పష్టముగ వచ్చును. పిల్లలు దానిని చేత పట్టరాదు. రెక్కలపై పొడివంటి పొలుసులు రాలిపోవును. జిల్లేడుపాలు కంట బడనీయరాదు.

ఫొటో వలన ప్రయోజనమేమందురా? వెనుకరెక్క నడుమ నల్లచుక్కలు లెక్కింపుడు. మూడున్న ఆడుది, నాలుగున్న మగది. నడుమ చుక్కలే లేనిచో అది ప్లెయిన్ టైగరు కాదు. పక్షులను మోసపుచ్చుటకు దాని వేషము దాల్చిన డెనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడుది. ఎగురునప్పుడు కంటికందని భేదమును ఫొటో తేటపరచును.

అయినను మొక్క లేనిదే పురుగు లేదు, పురుగు లేనిదే రెక్కలు లేవు. జిల్లేడుపై తెలుపు, నలుపు, పసుపు చారల పురుగు కనబడినచో మందు చల్లింపకుడని మేము కోరుచున్నాము. పెరటిలో వలదనుకొన్నను, ప్రహరీ వెలుపల ఒక్క జిల్లేడును బ్రతుకనిండు. ఆకులకై ఏటికొకసారి మనము వెదకు మొక్క, దానికి నిత్యము పుట్టినిల్లు.