డబ్బు ఎక్కడినుంచి, సార్?

మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఎన్నికల ఖర్చు 40 లక్షలు దాటకూడదు. టీ, టెంటు, జీపు అద్దె, అన్నిటికీ లెక్క రాసి, ఫలితాలొచ్చిన 30 రోజుల్లో అప్పజెప్పాలి. మరి అదే అభ్యర్థి మైకులో చెప్పే కోట్ల హామీలకు లెక్కేదీ? మేనిఫెస్టోలో హామీలకు డబ్బు ఎలా తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని 2014 నుంచి ఎన్నికల నియమావళిలోనే ఉంది. అడిగేదెవరు?

మా పూండి వైపు ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మంచి పనులే. కానీ సాఫ్ట్‌వేర్ పనిలో మాకు ముందే తెలిసొచ్చేది ఒకటుంది: కట్టడం ఒక్కసారి ఖర్చు, నడపడం ఏటేటా ఖర్చు. పంపుల కరెంటు బిల్లు, డయాలసిస్ సామగ్రి, కిడ్నీ డాక్టర్ల జీతాలు శిలాఫలకం మీద రాయరు కదా!

అందుకే ఓటడగడానికి ఎవరొచ్చినా, ఏ పార్టీ అయినా, మూడే ప్రశ్నలు అడుగుదాం. ఏటా ఎంత? ఎక్కడినుంచి? దేనికి కోత పెట్టి?

రోడ్డు పని ఓ ఏడాది ఆగినా గుంతల్లోనే నడుస్తాం. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషికి మాత్రం 'నిధులు రాలేదు, వచ్చే నెల రండి' అంటే కుదరదు.