పేరు పెట్టుటకు ముందు

క్రొత్త జీవిని కనుగొన్నామని చెప్పుట సులభం. అది క్రొత్తదని రుజువు చేయుట కష్టం. ఈ రెంటి నడుమ గల దూరాన్ని మన విజ్ఞాన విద్యార్థులు గుర్తించవలెనని మా అభిప్రాయం.

అమెరికాలోని పొటోమాక్ నది అడుగు బురద నుండి డెరెక్ లవ్లీ, ఆయన సహచరులు ఒక బాక్టీరియాను వేరుచేసి, 1987లో దాని విశేషాలు ప్రకటించారు. ఆక్సిజను లేని ఆ బురదలో అది ఇనుప ఖనిజాలకు ఎలక్ట్రానులను అందించి జీవిస్తుంది. అంతటి వింతజీవికి తొలుత పేరు లేదు, 'జి.ఎస్. 15' అన్న గుర్తు మాత్రమే. 'జియోబాక్టర్ మెటల్లిరెడ్యూసెన్స్' అన్న నామాన్ని 1993లో గాని ప్రతిపాదించలేదు. ఈలోగా అది టొల్యూన్, ఫినాల్ వంటి కాలుష్య పదార్థాలను విచ్ఛిన్నం చేయగలదని తేలింది. పేరు లేకపోవుట పరిశోధనకు అడ్డు కాలేదు.

సూక్ష్మదర్శినిలో బాక్టీరియాలు కడ్డీలుగానో గోళాలుగానో అగపడతాయి. రూపాన్ని మాత్రమే చూచి జాతిని నిర్ణయించలేము. అందుచేత '16 ఎస్' జన్యువును తెలిసిన జాతులతో పోల్చుతారు. సామ్యం సుమారు 98.7 శాతం కంటె తక్కువైతే అది క్రొత్త జాతి కావచ్చును. ఎక్కువైతే మొత్తం జన్యుసంపదను పోల్చవలె. అక్కడ 95–96 శాతాన్ని ఎల్లగా ఎంచుతారు. తరువాత జీవి ఆహారాన్ని, అది పెరిగే ఉష్ణోగ్రతను పరీక్షించి, సజీవ నమూనాను రెండు వేర్వేరు దేశాల భాండాగారాలలో భద్రపరచవలె.

ఈ చివరి నియమమే మాకు మిక్కిలి విలువైనదిగా తోస్తుంది. 2022లో వెలువడిన 'సీక్‌కోడ్' నియమావళి జన్యుక్రమం ఆధారంగానే పేరు పెట్టుటకు వీలు కల్పించింది. ప్రయోగశాలలో పెరగని జీవుల విషయంలో అది న్యాయమే. కాని పెంచగలిగిన జీవిని భద్రపరచక పేరు మాత్రం మిగుల్చుట సాక్షి లేని దావా వంటిది. సందేహించేవానికి మరల పరీక్షించే అవకాశం ఉన్నప్పుడే అది శాస్త్రం.

దేవుడు ఆదముకు సకల వస్తువుల పేర్లు నేర్పెనని ఖురాను తెలుపుతున్నది. పేరు తెలియుట అనగా వస్తువును ఎరుగుటయే అని మేము గ్రహిస్తున్నాము. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అన్న సామెత శాస్త్రానికి వర్తించరాదు.

మన ప్రయోగశాలలో క్రొత్త జాతులు బయల్పడకపోవచ్చును. అయినను నమూనా ఎక్కడిది, ఏనాటిది, అందులో తాను ఏమి చూశాడు అన్నది ప్రతి విద్యార్థి స్వయంగా వ్రాయవచ్చును. పాత రికార్డును చూచి క్రొత్త రికార్డు నింపే అలవాటు పోవలె. కళాశాల కమిటీవారు నమూనాలను నిలువచేయుటకు ఒక రిఫ్రిజిరేటరు, ఒక రిజిస్టరు సమకూర్చిన, ఆ శిక్షణ ఈ సంవత్సరమే ఆరంభం కాగలదని మనవి చేస్తున్నాము.